సర్కారు కార్డు, కంపెనీ పాలసీ: ఆరోగ్య బీమాపై నల్లగొండ ప్రసంగం

(నల్లగొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

వేదిక ఎక్కడానికి ముందు, మొదటి వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన, హెడ్మాస్టరుగా పదవీ విరమణ చేసినవారు, నా చేతిలో ఒక కవరు పెట్టి, "మీరు ఏం మాట్లాడినా ఫరవాలేదు గానీ, దీని సంగతి కూడా కాస్త చెప్పండి సార్" అన్నారు. విప్పి చూస్తే అది ఆయన ఆరోగ్య బీమా పాలసీకి వచ్చిన రెన్యువల్ నోటీసు. ఆయన పేరు, ఆయన సతీమణి పేరు కలిపి తీసుకున్న 5 లక్షల పాలసీ అది. పోయినేడు ప్రీమియం, పన్ను కాకుండా, 38,000 రూపాయలు. ఈ ఏడు 41,500. ఆయన అడిగింది రెండే ముక్కలు. జీఎస్టీ తీసేశామన్నారు కదా, మరి ఇది ఎందుకు పెరిగింది? సర్కారు ఇచ్చిన హెల్త్ కార్డు ఇంట్లో ఉండగా నేను అసలు దీన్ని ఎందుకు కడుతున్నాను? నేను రాసుకొచ్చిన కాగితాల కంటే ఈ రెండు ప్రశ్నలే నాకు మేలుగా కనిపించాయి కాబట్టి, ఆయన అనుమతితో, వాటి వెంటే నడుస్తాను.

మొదటి ప్రశ్న లెక్కకు సంబంధించినది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు సొంతంగా కొనుక్కునే ఆరోగ్య బీమాపై ఉన్న 18 శాతం జీఎస్టీని తొలగించారు. పోయినేడు ఈయన 38,000 మీద 6,840 పన్ను కలిపి 44,840 కట్టారు. ఈ ఏడు 41,500 కడతారు. అంటే ఆయన జేబులోంచి పోయేది తగ్గింది, కంపెనీకి చేరేది పెరిగింది. పన్ను పోవడంతో, కంపెనీలు తమ ఖర్చుల మీద కట్టే జీఎస్టీని సర్దుబాటు చేసుకునే వీలు కూడా పోయింది. దంపతుల వయసు ఒక ఏడాది పెరిగింది. ఆసుపత్రి బిల్లుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అరవై దాటిన వారి ప్రీమియాన్ని ఏడాదికి పది శాతానికి మించి పెంచాలంటే ముందు తనను సంప్రదించాలని బీమా నియంత్రణ సంస్థ 2025 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. ఈ నోటీసులోని పెంపు తొమ్మిది శాతం పైచిలుకు. పదికి ఒక్క అడుగు ఇవతల ఆగింది. అలా ఆగడం కాకతాళీయమని నేననుకోను.

రెండో ప్రశ్నే ఈనాటి మన విషయం. నేను ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. పాలసీలు అమ్మినవాళ్లను పర్యవేక్షించాను, క్లెయిములు మంజూరు చేశాను, తిరస్కరించాను కూడా. ఈ చర్చ ఎక్కడ జరిగినా మూడు వేర్వేరు విషయాలను ఒకే మూటలో కట్టి మాట్లాడుతూ ఉంటారు: బీమా కంపెనీ ఎవరిది, ప్రీమియం కట్టేది ఎవరు, వైద్యం చేసే ఆసుపత్రి ఎవరిది. 1973 జనవరి 1న 107 సాధారణ బీమా కంపెనీలను జాతీయం చేసి, నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు కంపెనీలుగా కూర్చారు. ఆ నాలుగూ 1986లో మెడిక్లెయిమ్ అనే పాలసీని తెచ్చాయి. కంపెనీ సర్కారుదే అయినా ఆ పాలసీ స్వభావం మాత్రం ప్రైవేటు బీమా స్వభావమే: కట్టగలిగినవాడు కొనుక్కోవాలి, వయసును బట్టి ధర మారాలి, జబ్బు ఉన్నవాడిని గడప దగ్గర ఆపాలి. నేను జీవితమంతా అమ్మింది అదే. దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ మన పక్క జిల్లాలోనే మొదలైంది. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీని అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మహబూబ్‌నగర్ జిల్లాలో ప్రయోగాత్మకంగా ప్రారంభించినప్పుడు, ప్రీమియం మొత్తం కట్టింది ప్రభుత్వం, కార్డు తెల్ల రేషన్ కార్డు, కాని బీమా బాధ్యత తీసుకున్నది స్టార్ హెల్త్ అనే ప్రైవేటు కంపెనీ, ఆపరేషన్లలో అధిక భాగం జరిగింది ప్రైవేటు ఆసుపత్రుల్లో. ఆ తర్వాతే ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ ట్రస్టు ఆసుపత్రులకు నేరుగా చెల్లించే పద్ధతి వచ్చింది. ఇందులో ప్రభుత్వానిది ఎంత, ప్రైవేటుది ఎంత అని గీత గీయమంటే నాకు చేతకాదు.

పాలమూరునే ముందుగా ఎందుకు ఎంచుకున్నారో ఈ ప్రాంతంవాళ్లకు వేరే చెప్పాలా? వలసల జిల్లా, కరువు జిల్లా, గుండెలో రంధ్రంతో పుట్టిన పిల్లను ఎత్తుకొని ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తుతో హైదరాబాదులో రోజుల తరబడి తిరిగిన తండ్రులున్న జిల్లా. ఆ దరఖాస్తు ఒక దయ. ఆరోగ్యశ్రీ దాన్ని ఒక పద్ధతిగా మార్చింది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనే మనిషి ఒక బల్ల వేసుకొని కూర్చొని, చదువురాని మనిషి తరఫున కాగితాలు నింపి, అనుమతి తెప్పించడం అనేది అంతకు ముందు ఈ దేశంలో పేదవాడు చూడని విషయం. ఆ పథకం మీద నేను తర్వాత ఎన్ని మాటలు అన్నా, ఈ మాటను వెనక్కి తీసుకోను.

బీమా అంటే ఏమిటో మన పెద్దవాళ్లకు పాలసీ కాగితం లేకుండానే తెలుసు. ఊళ్లో పెళ్లయితే పందిట్లో ఒకాయన పుస్తకం పట్టుకొని కూర్చొని కట్నాలు రాస్తాడు. ఫలానావారు నూట పదహార్లు, ఫలానావారు చీర. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఆ పుస్తకం తీసి చూసుకొని వీళ్లు పెడతారు. ఒక ఇంటి మీద పడే పెద్ద ఖర్చును ఊరంతా తలా కొంచెం మోయడమే అందులోని కిటుకు. ఇప్పుడు ఆ పుస్తకం పట్టుకున్న ఆయన, "నీ ఇంట్లో నలుగురు ఆడపిల్లలున్నారు కాబట్టి నిన్ను పుస్తకంలో చేర్చుకోను, లేదా నాలుగింతలు రాయించు" అన్నాడనుకోండి. ఊరు నవ్వుతుంది. కాని ప్రైవేటు ఆరోగ్య బీమా సరిగ్గా ఆ మాటే అనక తప్పదు. అది దుర్మార్గులు నడిపే వ్యాపారమని నేననడం లేదు. ఎవరి ఇష్టానికి వారిని చేరనిస్తే, జబ్బు వస్తుందని అనుమానం ఉన్నవాడు ముందు పరిగెత్తుకొస్తాడు, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడు తర్వాత చూద్దాంలే అంటాడు. నిధిలో రోగులే మిగిలితే ప్రీమియం పెరుగుతుంది. పెరిగితే ఉన్న కొద్దిమంది ఆరోగ్యవంతులు కూడా జారుకుంటారు. జార్జ్ ఆకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల అమ్మకం గురించి రాస్తూ, అరవై అయిదు దాటిన వారికి బీమా దొరకడం ఎందుకు కష్టమో కూడా ఈ తర్కంతోనే వివరించారు. 2001లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. అందుకే కంపెనీ ప్రశ్నలు అడుగుతుంది, ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమంటుంది, కంటి శుక్లాలకు, హెర్నియాకు, కీళ్ల మార్పిడికి పాలసీని బట్టి రెండు మూడేళ్లు ఆగమంటుంది.

ఆ ప్రశ్నల కాగితం గురించి ఒక సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి మాట. మిర్యాలగూడ వైపు ఒక రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేసే మనిషి గుండెపోటుతో హైదరాబాదులో చేరి, స్టెంటు వేయించుకొని, లక్షా డెబ్బై వేల బిల్లు పంపాడు. పాలసీకి మూడో ఏడు. ఆసుపత్రి కేసు షీటులో మొదటి పేజీలో డ్యూటీ డాక్టరు, ఆరేళ్లుగా షుగరు ఉందని రాశాడు. పాలసీ తీసుకునేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారం తెప్పించుకున్నాను. షుగరు ఉందా, బీపీ ఉందా, ఇంతకు ముందు ఆసుపత్రిలో చేరారా అనే పద్నాలుగు ప్రశ్నల ఎదుట, పద్నాలుగు చోట్లా, ఒకే నీలిరంగు సిరాతో, ఒకే వాలుతో 'లేదు' అని ఉంది. కింద సంతకం మాత్రం నల్ల సిరా, వణికిన చేయి. ఫారం నింపింది ఏజెంటని, ఆ మనిషిని ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడగలేదని చూసినవాడికెవడికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. నిబంధన ప్రకారం సంతకం చేసినవాడిదే బాధ్యత. తిరస్కరణ ఉత్తరం మీద నేను సంతకం పెట్టాను. ఆయన భార్య ఆ ఉత్తరం పట్టుకొని మా ఆఫీసుకు వచ్చి, బల్ల ముందు నిలబడి, "ఇందులో ఏం రాసిందో జర చదివి చెప్పు సారూ" అని నన్నే అడిగింది. నేను చదివి చెప్పాను. ఇప్పుడైతే పాలసీ అయిదేళ్లు నిరంతరాయంగా నడిచిన తర్వాత, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమును కాదనకూడదన్న నిబంధన 2024 నుంచి అమలులో ఉంది. ఆ గుమాస్తా మూడో ఏడులోనే ఉన్నాడు కాబట్టి ఈ నిబంధన కూడా ఆయనకు అక్కరకు వచ్చేది కాదు.

గది అద్దె సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ హాల్లో ఉన్నవారిలో చాలామంది దీని దెబ్బ తిన్నవాళ్లే అయి ఉంటారు. హెడ్మాస్టరు గారి పాలసీలోనే రోజుకు గది అద్దె బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 5,000 రూపాయలని ఉంది. ఆసుపత్రిలో ఆ ధరకు గది ఖాళీ లేదని 8,000 గదిలో నాలుగు రోజులు ఉన్నారనుకుందాం. గది అద్దె 32,000, డాక్టర్లు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు కలిపి 1,20,000, మందులు 60,000. మొత్తం 2,12,000. మనం ఏమనుకుంటాం? రోజుకు మూడు వేల చొప్పున పన్నెండు వేలు మన చేతి నుంచి పోతాయని. కాని పాలసీ లెక్క వేరు. గది పరిమితి ఎనిమిదిలో అయిదు వంతులే కాబట్టి, డాక్టరు ఫీజు, థియేటరు ఖర్చు కూడా ఎనిమిదిలో అయిదు వంతులే ఇస్తారు. గదికి 20,000, డాక్టరు వగైరాకు 75,000, మందులకు మాత్రం పూర్తిగా 60,000. వచ్చేది 1,55,000. చేతి నుంచి పడేది 57,000. పన్నెండు వేల తేడా గది యాభై ఏడు వేలు తింటుంది. ఈ ఒక్క వాక్యం ఏ ఏజెంటూ పాలసీ అమ్మేటప్పుడు చెప్పగా నేను వినలేదు. నా కింద పనిచేసినవాళ్లు కూడా చెప్పలేదు.

ఇంతవరకు విని ప్రైవేటు బీమా దండగ అని మీరు అనుకుంటే, నేను ఒక వైపే చెప్పినట్టవుతుంది. పాలసీ ఒక ఒప్పందం. అందులో రాసినది ఇవ్వకపోతే నిలదీసే హక్కు మీకుంది. నగదు రహిత చికిత్సకు అనుమతి అడిగితే గంటలో చెప్పాలని, డిశ్చార్జి రోజు తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024 మేలో నియంత్రణ సంస్థ నిబంధన పెట్టింది. కంపెనీ కాదంటే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు; 50 లక్షల దాకా విలువైన ఫిర్యాదు వింటారు; ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్ ఎలాగూ ఉంది. ఇప్పుడు మీ సర్కారు కార్డు తీసి చూడండి. ఆసుపత్రివాళ్లు, "ఈ కార్డు మీద ప్రస్తుతం చేర్చుకోవడం లేదు, బకాయిలున్నాయి" అంటే మీరు ఎవరి మీద, ఏ ఒప్పందం చూపించి, ఎక్కడ దావా వేస్తారు? బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపివేస్తామనడం 2025లో కూడా చూశాం. ఉద్యోగుల, పింఛనుదారుల హెల్త్ కార్డును పెద్ద ఆసుపత్రులు పట్టించుకోవన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉన్నదే. హెడ్మాస్టరు గారు 41,500 ఎందుకు కడుతున్నారన్న దానికి నిజమైన జవాబు ఇదే. సర్కారు మాట మీద ఆయనకున్న అపనమ్మకానికి ఆయన ఏటా కడుతున్న ధర అది.

సర్కారు బీమాకున్న రెండో జబ్బు దాని ఆకారంలోనే ఉంది. అది ఆపరేషనుకు డబ్బిస్తుంది. ఆపరేషను రాకుండా చూసే పనికి ఇవ్వదు. ఏ చికిత్సకు ప్యాకేజీ ఉంటే ఆ చికిత్స పెరుగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో గర్భసంచి ఆపరేషన్లు ఎలా పెరిగాయో, ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకు కూడా కడుపునొప్పికి గర్భసంచి తీసేసిన సంగతులు ఎలా బయటికి వచ్చాయో మీకు గుర్తుండే ఉంటుంది; చివరికి ఆరోగ్యశ్రీ కింద ఆ ఆపరేషనును ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. ఇంకోవైపు, ఇంటింటా ఉన్న షుగరు మాత్రలకు, బీపీ మాత్రలకు, రక్త పరీక్షకు, ఊళ్లో ఆరెంపీ దగ్గర పెట్టే వంద రెండు వందలకు ఈ కార్డు పనికిరాదు. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబు నుంచి పెట్టుకునేది 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే. కాని ఇప్పటికీ జేబు నుంచి పోయే దానిలో పెద్ద భాగం మందులు, బయటి రోగిగా చూపించుకునే ఖర్చులే. 2023 డిసెంబరు 9న ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. పెంచినందుకు ఎవరూ కాదనరు. కాని చందంపేట తండాలో షుగరు ముదిరి కాలి వేలు నల్లబడిన మనిషికి కావలసినది రెండో అయిదు లక్షలు కాదు గదా! ఆ పదేళ్ల ముందు నుంచీ నెలనెలా మాత్ర ఇచ్చి, కాలు చూసే నర్సు ఉంటే, ఆయనకు మొదటి అయిదు లక్షలు కూడా అవసరమయ్యేవి కావు. కార్డుతో ఆయన దేవరకొండ నుంచి హైదరాబాదు పోవాలి. బస్సు కిరాయి, తోడు వచ్చిన కొడుకు కూలి, ఆసుపత్రి బయట హోటల్లో తిండి, ఇవేవీ ప్యాకేజీలో లేవు. బొంబాయి, పూణేల్లో మట్టి పనికి, బిల్డింగు పనికి పోయిన పాలమూరు కూలీకి ఇంకో చిక్కు ఉండేది. పని చేసేచోట కాలు విరిగితే కార్డు ఇక్కడ, మనిషి అక్కడ. బొంబాయి బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టుకొని తీసుకొచ్చినవాళ్లున్నారు. 2021లో మన రాష్ట్రం కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకమైన ఆయుష్మాన్ భారత్‌లో చేరాక, ఆ జాబితాలో ఉన్న కుటుంబాలకైతే ఇతర రాష్ట్రాల్లోనూ చికిత్స పొందే వీలు వచ్చింది.

విదేశాల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అక్కడివి ఇక్కడ అతికించడం అంత తేలిక కాదు. జర్మనీలో బిస్మార్క్ 1883లో కార్మికులకు నిర్బంధ అనారోగ్య బీమా పెట్టాడు. బ్రిటన్ 1948 జులై 5 నుంచి బీమా గొడవే లేకుండా పన్నుల డబ్బుతో ప్రభుత్వమే వైద్యం అందిస్తోంది. ప్రైవేటు బీమాను అన్నిటికంటే ఎక్కువ నమ్మిన అమెరికా కూడా 1965లో అరవై అయిదు దాటినవారి కోసం మెడికేర్ అనే ప్రభుత్వ బీమా పెట్టక తప్పలేదు. మన కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న, డెబ్బై దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రక్షణ ప్రారంభించింది. ప్రైవేటు పాలసీ ఉన్నవారికి కూడా అది వర్తిస్తుంది. పడుచువాళ్ల ప్రీమియం కంపెనీలకు పోవడం, ముసలివాళ్ల ఖర్చు సర్కారుకు రావడం చాలాచోట్ల జరిగేదే. లాభం వచ్చే తొంభై గుంటలు ఒకరికి, చవుడు పట్టిన పది గుంటలు ఇంకొకరికి పంచినట్టు.

మరి అందరూ ఒకే పుస్తకంలో ఉండే పద్ధతి మన దేశంలో లేదా అంటే, ఉంది. అది కార్మిక రాజ్య బీమా, మనం ఈఎస్ఐ అనేది. 1948 నాటి చట్టంతో మొదలైంది. జీతంలో కార్మికుడు 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. వయసు అడగరు, షుగరుందా అని అడగరు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఇరవై ఏళ్ల పిల్లవాడూ, యాభై దాటి గుండె జబ్బున్న ఫోర్‌మనూ ఒకే శాతం కడతారు. బయటి రోగికి మందులు కూడా అందులో భాగమే. ఆలోచనగా చూస్తే ఇంతకంటే న్యాయమైన బీమా నాకు తెలియదు. కాని జీతం నెలకు 21,000 దాటితే మనిషి అందులోంచి బయటికి వెళ్లిపోతాడు. కొంచెం గట్టిగా అడగగలిగినవాడు, దరఖాస్తు రాయగలిగినవాడు వెళ్లిపోయాక, మిగిలినవాళ్ల డిస్పెన్సరీలో మందులు లేవంటే అడిగే గొంతు ఎక్కడిది? ఆరోగ్యశ్రీకి, సర్కారు దవాఖానకు పట్టిన తెగులు కూడా ఇదే. హెడ్మాస్టరు గారిలాంటివారు, నాలాంటివారు పాలసీ కొనుక్కొని పక్కకు జరిగిన రోజు నుంచి, క్యూలో మిగిలినవారి మాటకు బరువు తగ్గిపోయింది. ఇందులో నా తప్పు కూడా ఉందని ఒప్పుకుంటున్నాను. నేను ఆ పాలసీలు కొన్నవాణ్ని మాత్రమే కాదు, అమ్మినవాణ్ని.

మా సొంతూరు మర్రిగూడ వైపు. ఆ పేరు చెబితే మీకు మిగతాది చెప్పనక్కరలేదు. మా అమ్మ నలభై అయిదేళ్లకే నడుం వంగి, మెడ పట్టేసి, పక్కనున్నవాళ్లను చూడాలంటే మనిషి మొత్తం తిరిగి చూసేది. బిందె ఎత్తలేక నడుముకూ గోడకూ మధ్య దాన్ని ఆనించి లేపేది. ఆ బిందెలోని నీళ్లే ఆ నడుమును వంచాయని మాకు చాలా కాలం తెలియదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు; మా బావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఫ్లోరైడును పటిక, సున్నం, బ్లీచింగు పొడితో తీసే పద్ధతికి నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగు పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు నల్లగొండ పేరే పెట్టారు. ప్రపంచమంతా చదువుకునే పద్ధతి అది. నేను బీమా కంపెనీలో ఉద్యోగంలో చేరాక, కుటుంబ సభ్యుల జాబితాలో అమ్మ పేరు రాసి, ఆమెకు ఏం వర్తిస్తుందో చదివాను. కీలు మార్చడానికి డబ్బు ఉంది. ఆమె ఒంట్లో మార్చవలసిన కీలు ఒకటా రెండా? ఏ కంపెనీ పాలసీలో గానీ, ఏ సర్కారు ప్యాకేజీల జాబితాలో గానీ 'మంచినీళ్లు' అనే చికిత్స ఉండదు. ఆ ఊళ్లకు చివరికి మేలు చేసింది కృష్ణా నీళ్లు మోసుకొచ్చిన పైపు. ఆ పైపు వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి, నేను ఊరికి పోయినప్పుడల్లా పిల్లలను నవ్వించి మరీ చూస్తాను.

అందుకని ప్రభుత్వమా ప్రైవేటా అని నన్ను అడిగితే, ఆసుపత్రిలో చేరే పెద్ద ఖర్చుకు అందరూ, అంటే కలెక్టరు గారి నుంచి కూలీ దాకా, జీతం కొద్దీ కట్టి ఒకే పుస్తకంలో ఉండాలంటాను. గది పెద్దది కావాలన్నవారు, ఫలానా డాక్టరే కావాలన్నవారు దాని పైన కంపెనీ పాలసీ కొనుక్కోవచ్చు. ఆ నిధి ఇచ్చే డబ్బులో వీలైనంత ఎక్కువ మన దవాఖానలకే చేరాలి. ఇప్పుడు ఆ మాట గాలిలో అనడం లేదు: మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, వనపర్తికి, నాగర్‌కర్నూలుకు 2022లో వచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఆరోగ్యశ్రీ కేసు సర్కారు దవాఖానలో చేస్తే ఆ డబ్బులో భాగం ఆ దవాఖానకు జమ అవుతుంది. మన జిల్లాల రోగి హైదరాబాదు హైవే ఎక్కిన ప్రతిసారీ రోగితో పాటు ఆ డబ్బు కూడా ఎక్కేస్తుంది. ఎక్కకుండా ఆపాలంటే ఇక్కడ మత్తు డాక్టరు రాత్రిపూట కూడా ఉండాలి, స్కానింగు మిషను పనిచేయాలి. దీనికి మించి ఇందులో సిద్ధాంతమేమీ లేదు. నా మాటతో ఏకీభవించనివారు, ముఖ్యంగా ప్రభుత్వం చేతికి ఇంకో నాలుగు శాతం ఇస్తే ఏమవుతుందో చెప్పగలిగిన అనుభవం ఉన్నవారు, ఈ హాల్లోనే చాలామంది ఉన్నారని నాకు తెలుసు; వారి అనుమానం తప్పని నేను అనలేను. ముప్పై ఏళ్లు సర్కారు కంపెనీలో పనిచేసినవాణ్ని, ఆ ఫైళ్ల వేగం నాకు తెలుసు.

ఇక హెడ్మాస్టరు గారి కవరు. అయ్యా, గడువు ఈ నెల ఇరవై మూడు. దాటినా ముప్పై రోజుల వెసులుబాటు ఉంటుంది గానీ, ఆ మధ్యలో వచ్చిన జబ్బుకు పైసా రాదు. నేను ఇంతసేపు చెప్పింది విని పాలసీ మానేయకండి; కట్టండి. కట్టేముందు గది అద్దె పరిమితి లేని పాలసీకి మారడానికి వీలుందేమో అడగండి. ఇదే కంపెనీలో కాకపోతే ఇంకో కంపెనీకి మారాలంటే గడువుకు నలభై అయిదు రోజుల ముందు దరఖాస్తు చేయాలి కాబట్టి, ఆ పని వచ్చే ఏటికి. అమ్మగారికి డెబ్బై ఎప్పుడు నిండుతాయో నోటీసులో ఉంది, వచ్చే జనవరిలో. ఆధార్ తీసుకొని ఆయుష్మాన్ కార్డుకు ఆమె పేరు నమోదు చేయించండి. మూడో పేజీలో ముందునుంచీ ఉన్న జబ్బులు అన్నచోట ఇద్దరికీ 'లేవు' అని ఉంది. మీకు బీపీ ఉందని ఇందాక మీరే నాతో అన్నారు. ఫారం ఎవరు నింపారు? ఆ ప్రపోజల్ కాపీ మీ దగ్గర ఉంటే, సభ అయ్యాక ఇలా వచ్చి కూర్చోండి, ఇద్దరం కలిసి చదువుదాం.